నలభై ఏడో నంబరింట్లో నలుగురు

తడిగుడ్డను మూడోసారి బకెట్‌లో పిండేసరికి నీళ్ళు నల్లబడ్డాయి. సమ్మవ్వ పీటను ఇంకో క్రోటన్ కుండీ ముందుకు జరుపుకొని కూర్చుంది. ఒక్కో ఆకును ఎడమ అరచేతిలో ఆన్చుకొని, కాడ నుంచి కొస దాకా ఒకే వైపు తుడుస్తోంది. వెనక్కి తుడిస్తే ఆకు చిరుగుతుంది. ఓపెన్‌కాస్ట్ గని అక్కడికి నాలుగు కిలోమీటర్లు. మధ్యాహ్నం బ్లాస్టింగ్‌కు లేచిన దుమ్ము రాత్రంతా దిగుతూనే ఉంటుంది. తెల్లారేసరికి సిరి ఎన్‌క్లేవ్‌లోని నూట పన్నెండు ఇళ్ళ మీదా, కార్ల మీదా, పిల్లల ఉయ్యాలల మీదా ఒకే మందాన పరుచుకుంటుంది. తొమ్మిది కాకముందే ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు దాన్ని తుడిచేస్తారు. అందుకే కాలనీవాళ్ళు తమ దగ్గర దుమ్మే ఉండదంటారు.

గేటు చప్పుడైంది. మెడలో కార్డు, చేతిలో అట్టకు పెట్టిన కాగితాలు పట్టుకొని ఒక అమ్మాయి నిలబడి ఉంది.

"మేడం ఉన్నరా అమ్మా? సర్వేకు వచ్చిన. నా పేరు గ్లోరియా."

"ఏం సర్వే బిడ్డా?"

"కాలనీకి రెండో దశ కడుతున్నరు గదా. ఇక్కడ ఎటువంటోళ్ళు ఉంటరు, ఎట్ల బతుకుతరు, అన్నీ రాసి పుస్తకమేస్తరట. కొత్తగ కొనేటోళ్ళకు చూపెట్టనీకి."

సమ్మవ్వ చేతులు కడుక్కొని ఆ పిల్లను హాల్లోకి తీసుకెళ్ళి, టీ పెట్టడానికి వంటింట్లోకి పోయింది. వంటింటికీ హాలుకూ మధ్య తలుపు లేదు. ప్రతి మాటా వినిపిస్తుంది.

సంధ్యారాణి సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకొని కూర్చుంది. సర్వే అంటే ఆమెకు విసుగు లేదు. పైగా ఒక్కో ప్రశ్నకూ గొంతు పెరుగుతోంది. ఇల్లు సొంతం. కార్లు రెండు. ఏసీలు నాలుగు. కాదు, పూజగదితో కలిపి ఐదు. నడిచే మిషన్ ఉంది. దాని మీద సమ్మవ్వ దుప్పట్లు ఆరేస్తుందన్న సంగతి ఫారంలో ఎవరూ అడగలేదు. పోయినేడు దుబాయి పోయారు. మొన్న ఎండాకాలం కొడైకెనాల్. వారానికి రెండుసార్లు బయటి తిండి.

"సారు ఏం చేస్తరు మేడం?"

"బొగ్గు కంపెనీల ఓవర్‌మెన్. గది గాక నా పేరు మీద మూడు టిప్పర్లు నడుస్తయ్. మట్టి తోలే కాంట్రాక్టుల పెట్టినం."

"కుటుంబ సభ్యులు ఎంతమంది మేడం?"

సమ్మవ్వ టీ పళ్ళెం ఎత్తింది.

"నలుగురం. సారు వేణుమాధవ్, నేను, పాప దీప. పాప ఇంట్లకెల్లనే జాబ్ చేస్తది. బాబు రుత్విక్ హైదరాబాద్‌ల ఇంజనీరింగ్. నెలకోపారి వస్తడు."

సమ్మవ్వ గడప దగ్గర ఆగింది. సంధ్యారాణి ఊపిరి తీసుకుంటోందేమో, ఇంకో పేరు చెప్తుందేమో అని ఆగింది.

"పెంపుడు జంతువులు ఉన్నయా మేడం?"

"చేపలున్నయి. అగో, కనిపిస్తలేవా? పదకొండు. రాసుకో."

"పది." సమ్మవ్వ నోట్లోంచి మాట జారింది. "నల్లది నిన్న సచ్చిపోయింది. నేనే తీసి పారేసిన."

గ్లోరియా పదకొండు కొట్టేసి పది వేసింది. ఆ ఇంటి గురించి సమ్మవ్వ చెప్పగా రాసుకున్న మాట అదొక్కటే.

"ఇంట్ల పనోళ్ళు?"

సంధ్యారాణి టీ పళ్ళెం వైపు చూసింది. పైకి చూస్తే ముఖం కనిపించేది. చూడలేదు.

"ఒకరు. ఇక్కడ్నే ఉంటది," అంది.

గ్లోరియా పెన్ను ఒక క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. సమ్మవ్వ కప్పులు పెట్టి వెనక్కి తిరిగింది. వంటింట్లోకి వచ్చాక చూసుకుంటే చక్కెర డబ్బా మూత తీసే ఉంది, అప్పుడే చీమలు పట్టాయి. ఒక్కో చీమనూ వేలితో పక్కకు తీస్తూ చాలాసేపు అక్కడే నిలబడింది.

గ్లోరియా పోతూ పోతూ పెరటి వైపు నుంచి వచ్చి మంచినీళ్ళు అడిగింది. తాగి, గ్లాసు ఇస్తూ నెమ్మదిగా అంది.

"మీరు వాళ్ళకేమైతరమ్మా? మీ మూతి, హాల్ల ఫొటోల ఉన్న సారు మూతి ఒక్క తీరు లేవు. కని మీరు మాట్లాడేది పనోళ్ళ లెక్క లేదు."

"వేణు నాకు మరిది. దీపను నేనే పెంచిన."

"మరి మేడం గట్ల చెప్పె?"

"తొందరల చెప్పి ఉంటది. బిడ్డకు సంబంధం మాట్లాడుతున్నరు, సంధ్య మనసు మనసుల లేదు." సమ్మవ్వ గ్లాసును కొంగుతో తుడిచింది. "మా ఆయన బొగ్గుబాయిల కప్పు కూలి పోయిండు. నాకు పిల్లలు లేకపోయిరి. ఆయన బదులు డిపెండెంటు నౌకరి నాకొచ్చేది. ఆడిదానివి బాయి కాడికి ఏం పోతవ్, మరిదికి రాసియ్యి, నిన్ను తల్లి లెక్క చూసుకుంటడు అన్నరు పెద్దమనుషులు. సంతకం పెట్టుమన్న కాడల్లా పెట్టిన."

గ్లోరియా గోడకానుకుంది. "మా నాయన పోయినప్పుడు మా కాక గిట్లనే అడిగిండు. మా అమ్మ ఇయ్యలే. ఆఫీసుల నీళ్ళు మోసింది, ఊడ్చింది. బజారుల ఏమేమో అన్నరు. మా కాక గిప్పటికీ మాట్లాడడు," అని నవ్వింది. "కని కంపెనీ క్వార్టర్ తలుపు మీద అమ్మ పేరే ఉంటది. సాయమ్మ అని."

సమ్మవ్వ గ్లాసును గట్టు మీద బోర్లించింది.

"ఐదు అని దిద్దమంటరా అమ్మా?"

"వద్దు బిడ్డా. నువ్వు దిద్దితె దొంగతనమైతది. మా వేణుతోనే చెప్పిస్త. మళ్ళెప్పుడొస్తవ్?"

"సోమారం. అచ్చేసిన కాగితం తెస్త, సంతకాలకు. అప్పటిదాంక దిద్దొచ్చు."

మంగళవారం నుంచి సోమవారానికి ఆరు రోజులు. అంత టైము ఎందుకు, ఒక్క మాటే కదా అనుకుంది సమ్మవ్వ.

*

వేణుమాధవ్ ఫస్టు షిఫ్టు దిగి వచ్చాడు. అతను స్నానం చేసి, అన్నం తిని, చెయ్యి కడుక్కునే దాకా ఆగింది. తువ్వాలు అందిస్తూ అడిగింది.

"వేణూ, పొద్దుగాల సర్వే పిల్ల వచ్చింది."

"ఊఁ, వచ్చిందట."

"ఇంట్ల నలుగురని రాసుకున్నది. నన్ను పనోళ్ళల్ల రాసిండ్రు."

అతను వేళ్ళ సందులు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. గోళ్ళ మూలల్లో బొగ్గు నలుపు ఇంకా ఉంది.

"సంధ్య ఆగమాగం చెప్పి ఉంటది. గదేమన్న ఓటరు లిస్టా వదినా? ఉత్త కాగితం."

"ఉత్తదే గదా. అయితే ఐదని రాయించు."

"చెప్త తియ్యి."

ఆ మాట చాలనుకుంది సమ్మవ్వ. ఆ రోజు సాయంత్రం మెట్ల కింద తన సామాన్ల గది ఊడ్చుకుంది. బియ్యం డబ్బాలు ఒక వైపు, మంచం ఒక వైపు. అటూ ఇటూ సర్దితే మంచం పక్కన ఇంకో మనిషి నిలబడేంత చోటు దొరికింది.

బుధవారం అడగలేదు. గురువారం వేణుమాధవ్ తానే పిలిచాడు. "ఇగో," అన్నాడు. సమ్మవ్వ గుమ్మంలోకి వచ్చాక మళ్ళీ "ఇగో, ఆధార్ కార్డు పట్టుకొని గేటు కాడికి పో. ఫొటో తీస్తరు," అన్నాడు. పాతికేళ్ళుగా అతను వదినా అని కాకుండా పిలిచిన రోజు సమ్మవ్వకు గుర్తులేదు.

సర్వేలో పేరు ఎక్కించడానికే ఫొటో కావచ్చనుకుంది. ఇస్త్రీ చీర కట్టుకుంది. తల దువ్వుకుని, పాత పసుపు రంగు జాకెట్టు తీసేసి మంచిది వేసుకుంది.

గేటు పక్కన సెక్యూరిటీ గది ముందు ఏడెనిమిది మంది ఆడవాళ్ళు వరుసలో నిలబడ్డారు. సమ్మవ్వ వాళ్ళందరినీ ఎరుగును. ముందు నిలబడ్డ మల్లక్క మూడిళ్ళలో పని చేస్తుంది. సమ్మవ్వను చూడగానే కళ్ళు పెద్దవి చేసింది.

"ఓ సమ్మక్కా! నువ్వెందుకొచ్చినవ్ ఈ లైన్ల? నువ్వు ఇంటి మనిషివి గాదె?"

"ఫొటో తీస్తరట."

"తీస్తరు, తీస్తరు. కార్డుకు నీలి తాడు కట్టి మెడల ఏస్తరు. గేదెలకు ఏసినట్టు." వెనక ఉన్నవాళ్ళు నవ్వారు. "నీకు నెలకెన్ని సెలవులే?"

"మా ఇంట్ల నాకు సెలవేంది?"

"గదే మరి! మాకు ఆదివారం సగం పూట, నెలకు రెండు పూర్తి రోజులు. ముప్ఫై మూడో నంబరామె ఒక్క రోజు సెలవు కోసిందని నేను వారం పోలే. కాళ్ళ బేరానికొచ్చింది." మల్లక్క కొంగు దోపుకుంది. "నువ్వు మాకంటె ఆగమైనవ్ గదనే."

ఫొటో తీసిన కుర్రవాడు సమ్మవ్వను కుర్చీలో కూర్చోబెట్టి గడ్డం కొంచెం పైకెత్తమన్నాడు. పది నిమిషాల్లో కార్డు ఇచ్చాడు. నీలి తాడుకు వేలాడుతూ సమ్మవ్వ ముఖం, దాని కింద ఇంటి నంబరు నలభై ఏడు, ఆ కింద 'గృహ సహాయకురాలు' అని ఉంది. సమ్మవ్వకు అక్షరాలు కూడబలుక్కొని చదవడం వచ్చు. రెండో మాట సగం దాకా చదివి ఆపేసింది.

ఇంటికి వచ్చాక కార్డు బల్ల మీద పెడితే సంధ్యారాణి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఫొటో మంచిగ వచ్చిందక్కా," అంది. "ఊకె గేటు కాడ అడగకుంట ఉంటది. ఏమనుకోకు."

*

శనివారం మధ్యాహ్నం బ్లాస్టింగ్‌కు కిటికీ అద్దాలు జివ్వుమన్నాయి. చేపల తొట్టిలో నీళ్ళు ఒక్కసారి వణికి నిలిచాయి. వేణుమాధవ్ వంటింట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. అతను వంటింట్లో కూర్చోవడం ఆ ఇల్లు కట్టాక అదే మొదలు.

"వదినా, రేపు జగదీశ్వర్ సారువాళ్ళు వస్తున్నరు. దీపను చూడనీకి. కొత్తగూడెంల పెద్ద ఆఫీసరుగ చేసి రిటైరైండు. ఇప్పుడు మన కాలనీలనే, ఎనిమిదో నంబరు."

"తెల్సు. పిల్లగాడు మంచోడట."

"మంచోడు. వాళ్ళకు ఒకటే పట్టింపు. వెనక ఎవ్వరు ఉండొద్దు, ఆస్తి మీద కిరికిరి ఉండొద్దు." అతను కింద పడ్డ చిక్కుడుకాయ ఈనె తీసి వేళ్ళ మధ్య నలిపాడు. "అన్న సంగతి నేను చెప్పలే. ఒక్కణ్ణే కొడుకునని చెప్పిన. ఇంట్ల వదిన ఉంది, నౌకరి ఆమెదే అంటె, రేప్పొద్దుగాల వాటా అడుగుతదని భయపడుతరు."

"నేనెప్పుడన్న అడిగిన్నా?"

"నువ్వడగవ్. గది నాకెరుక. వాళ్ళకెరుక లేదు గదా." కొంచెం ఆగాడు. "రెండు గంటలు, వదినా. రేపొక్క రెండు గంటలు. నువ్వు ఇంట్ల పని చేస్తవని చెప్తం. దీప కోసం."

సమ్మవ్వ చిక్కుడుకాయలు వలుస్తూనే ఉంది. గిన్నె నిండాక అడిగింది.

"తర్వాత చెప్తరా?"

"పెండ్లి కానియ్యి. అన్నీ చెప్పుకుంటం."

"సోమారం ఆ పిల్ల వస్తది. ఐదని రాయిస్తవా?"

"రాయిస్త. నా తోడు."

సమ్మవ్వ తలూపింది. రెండు గంటలే కదా. ఉప్పు నీళ్ళలో గిన్నెడు చిక్కుళ్ళు వేసి, మర్నాటి గారెలకు మినప్పప్పు నానబోసింది.

*

ఆదివారం పదకొండు గంటలకు వాళ్ళు వచ్చారు. సంధ్యారాణి చెప్పినట్టే సమ్మవ్వ నీలి తాడు మెడలో వేసుకుంది. సంధ్యారాణే ఆమె చీరకొంగు కొద్దిగా సర్ది, కార్డు పైకి కనిపించేట్టు పెట్టింది.

గారెలు, నాటుకోడి కూర, చిక్కుడుకాయ వేపుడు. జగదీశ్వర్ మాట్లాడకుండా తిన్నాడు. ఆయన భార్య రమ మాత్రం రెండో గారె తుంచుతూనే లేచి వంటింట్లోకి వచ్చింది. బంగారు గాజులు మోచేతి దాకా ఎగదోసుకొని, మంచి మనసుతోనే వచ్చింది.

"నువ్వేనా చేసింది? ఏం చెయ్యి అమ్మా నీది! మా ఇంట్ల ముగ్గురు వంటోళ్ళు మారిన్రు, ఒక్కదానికి గారె పొంగదు."

"మీరు తినుండ్రి అమ్మా. ఇంకో రెండు ఏస్త."

"ఎన్నేండ్ల సంది చేస్తున్నవ్ ఇక్కడ?"

సమ్మవ్వ జవాబు వెతుక్కుంటోంది. అబద్ధం ఆడమన్నారు గానీ ఏ అబద్ధమో వివరంగా చెప్పలేదు. అప్పుడే పట్టుచీరలో దీప గుమ్మంలోకి వచ్చింది. ఈ పిల్లకు చిన్నప్పుడు జ్వరమొస్తే సమ్మవ్వ భుజం మీద తప్ప నిద్రపోయేది కాదు. సమ్మవ్వ దీప వైపు చూసింది. నువ్వే చెప్పు అన్నట్టు చూసింది.

"మా పనామె ఆంటీ," అంది దీప. నీళ్ళు నమిలినట్టు అనలేదు. బీరువా ఎక్కడ కొన్నారని అడిగితే చెప్పినట్టు చెప్పింది. "నేను పుట్టకముందు సంది ఉంది. మస్తు నమ్మకం. తిడితే గూడ మారు మాట్లాడది."

"గిట్లాంటి మనిషి ఎక్కడ దొరుకుతది బిడ్డా! మేమే తీసుకపోతం ఈమెను," అని రమ నవ్వింది.

హాల్లో నుంచి సంధ్యారాణి వెంటనే అందుకుంది. "తీసుకపొండ్రి వదినా! దీపతోటే పంపిస్తం. మా దిక్కు నుంచి గిదొక కానుక."

అందరూ నవ్వారు. వేణుమాధవ్ కూడా. జగదీశ్వర్ నవ్వలేదు, పనికొచ్చే మాట విన్నట్టు తలూపాడు.

"ఉత్తగ అంటలేరు గదా?" అంది రమ. "మా వెనక గదిల బాత్రూం గూడ ఉంది. ఖాళీగనే ఉంది."

"ఉత్తగెందుకంటం? మాటంటె మాటే," అన్నాడు వేణుమాధవ్.

నూనెలో గారె ఒకటి మాడి నల్లబడింది. సమ్మవ్వ దాన్ని తీసి పక్కన పెట్టింది.

వాళ్ళు వెళ్ళేసరికి మూడైంది. సంబంధం కుదిరింది. సంధ్యారాణి గాజులు తీసి బల్ల మీద పెట్టి సోఫాలో వాలిపోయింది. సమ్మవ్వ మెడలోని తాడు తీసేసి, అందరూ ఉన్నప్పుడే అడిగింది.

"నన్ను పంపిస్తమన్నది నవ్వులాటకేనా?"

సంధ్యారాణి కాళ్ళు సోఫా మీదికి తీసుకుంది.

"పోతె ఏమైతదక్కా?" అంది సంధ్యారాణి. "దీప కాడ్నే ఉంటవు గదా. ఆ పిల్లకు అన్నం వండుడు గూడ రాదు. నీకు గది గూడ ఉన్నదట. ఈడ మెట్ల కింద పడుకుంటున్నవ్."

"ఏమైత నేను, ఆడ?"

"ఈడేమైతవో ఆడ గూడ గదే."

సమ్మవ్వ వేణుమాధవ్ వైపు చూసింది. అతను చేపల తొట్టి దగ్గరికి పోయి మేత డబ్బా మూత విప్పాడు. చిటికెడు తీసి, వేళ్ళతో నలిపి, నీళ్ళ మీద చల్లాడు. పది చేపలూ పైకి వచ్చాయి. అతను వాటినే చూస్తూ నిలబడ్డాడు.

దీప వచ్చి వెనక నుంచి సమ్మవ్వ మెడ చుట్టూ చేతులు వేసింది. చిన్నప్పటిలాగే గడ్డం భుజం మీద ఆన్చింది. సమ్మవ్వ చెయ్యి దానంతటదే లేచి ఆ చేతుల మీద పడింది.

"రా పెద్దమ్మా, మస్తుంటది," అంది దీప. "కని ఒక్కటి. ఆడ నన్ను దీప అనొద్దు. మేడం అనాలె. ఇప్పటి సంది అలవాటు చేస్కో, లేకుంటె ఆంటీ ముంగట నోరు జారుతవ్. ఏదీ, ఒక్కసారి అను."

సమ్మవ్వ బల్ల మీది గాజులను ఒక్కచోటికి చేర్చింది.

"అను పెద్దమ్మా! ఒక్కసారి!"

"మేడం," అంది సమ్మవ్వ.

దీప పకపక నవ్వి ఆమె చెంప మీద ముద్దు పెట్టి, మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.

*

సోమవారం పొద్దున వేణుమాధవ్ ఆరింటికే డ్యూటీకి పోయాడు. పోయే ముందు సమ్మవ్వ టిఫిన్ డబ్బా చేతికిస్తూ గడపలో నిలబడింది. అతను డబ్బా తీసుకున్నాడు. బండి స్టార్ట్ చేశాడు. సర్వే గురించి సంధ్యారాణికి ఏమైనా చెప్పాడేమోనని సమ్మవ్వ తొమ్మిది దాకా చూసింది. సంధ్యారాణి ఏమీ ఎత్తలేదు. తలస్నానానికి నీళ్ళు పెట్టుకొని బాత్రూంలోకి పోయింది.

గ్లోరియా పెరటి వైపు నుంచే వచ్చింది. అచ్చేసిన కాగితం అట్ట మీద ఉంది.

"చెప్పిన్రా అమ్మా?"

సమ్మవ్వ తల అడ్డంగా ఊపింది.

"నేను దిద్దుత. నాకేం భయం లేదు. రేపటి నుంచి ఈ పని గూడ ఉండది నాకు."

"వద్దు. నాలుగే ఉండని." సమ్మవ్వ మెట్టు మీద కూర్చుంది. "నా పేరు ఏడుంది?"

గ్లోరియా వేలు పెట్టి చూపించింది. చేపల కింద వరసలో ఉంది. పేరు లేదు. 'ఒకరు' అని ఉంది. పక్కన రెండు గళ్ళు ఖాళీగా ఉన్నాయి.

"గివి ఏంది?"

"జీతం, సెలవులు. మేడం చెప్పలే, నేను అడుగుడు మర్చిన."

"ముప్ఫై మూడో నంబరింట్ల చేసే మల్లక్కకు ఏం రాసినవ్?"

"ఆదివారం సగం పూట. నెలకు రెండు."

సమ్మవ్వ కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. చూపుడు వేలితో ఒక గడి అంచు వెంబడి గీసింది, గుడ్డతో ఆకు తుడిచేటప్పుడంత నెమ్మదిగా.

"పనోళ్ళు మానేస్తె, ఎవరికి చెప్పాలె బిడ్డా?"

"ఎవరికి చెప్పుడు?"

"పెద్దమనుషులను గిట్ల పిలిపియ్యాల్నా? కాగితం రాసియ్యాల్నా?"

గ్లోరియాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక గొంతు తగ్గించింది. "ఏం లేదమ్మా. ఇష్టం లేకుంటె పోతరు. పన్నెండో నంబరింట్ల ఒకామె మొన్న అంట్లు సగం తోమి పోయింది. ఇంకొకామె వచ్చింది."

"గంతేనా?"

"గంతే."

సమ్మవ్వ లేచింది. గ్లోరియా ఇంకేదో అనబోయింది గానీ అప్పటికే ఆమె లోపలికి పోయింది. పొయ్యి మీద పప్పు సగం ఉడికింది. సమ్మవ్వ పొయ్యి ఆపింది. మెట్ల కింద గదిలో ఇస్త్రీ చీర, ఇంకో రెండు చీరలు, ఆధార్ కార్డు, ఆయన పాత ఫొటో ఒక సంచిలో పెట్టుకుంది. ఎక్కడికి పోవాలో ఆమెకు తెలియదు. అన్నదమ్ములు లేరు. గోదావరిఖనికి పోయే ఆటోలు రోడ్డు మీద ఆగుతాయని మాత్రం తెలుసు. బాత్రూంలో నీళ్ళ చప్పుడు ఇంకా వస్తోంది.

హాల్లో దీప ల్యాప్‌టాప్ ముందు కూర్చొని చెవుల్లో ఏవో పెట్టుకొని ఉంది. సంచితో సమ్మవ్వ నీడ పక్క నుంచి పోవడం చూసి, స్క్రీన్ మీది నుంచి కళ్ళు తీయకుండానే చెయ్యి ఎత్తింది.

"పెద్దమ్మా, బయటికేనా? పనీర్ పట్టుకరా. పెద్ద ప్యాకెట్. జల్ది రా, నాకు పన్నెండింటికి మీటింగుంది."

సమ్మవ్వ చెప్పులు తొడుక్కొని ముందు తలుపు తీసుకొని బయటికి నడిచింది.